కదలని ఎండ

(నాలుగు దాటింది. మేడ మీద గదిలో మరదలు బొమ్మ ముందు కూర్చుని ఉంది. ఆమె కేక విని వదిన చేతిలో పాలగిన్నెతో గుమ్మంలోకి వచ్చింది.)

"రాలేదు వదినా! ఇవాళ రాలేదు!"

"ఎవరు?"

"ఎవరేంటి? ఎండ!"

"హమ్మయ్య. ఆ కేకకి నువ్వెక్కడ జారిపడ్డావో అనుకున్నాను. పాలు పొయ్యి మీదే వదిలేసి... లేదు, గిన్నె నా చేతిలోనే ఉంది. చూశావా, నీ వల్ల నాకు మతి పోయింది."

"నవ్వకు వదినా, నాకు ఏడుపొస్తోంది. ఆ గోడ చూడు. చిన్న అల్మారా పక్కన. రోజూ ఈపాటికి అక్కడ పలకంత ఎండ పడుతుంది. ఇవాళ గోడ గోడలాగే ఉంది."

"గోడ గోడలా కాక ఇంకెలా ఉంటుందే? మబ్బేమో."

"మబ్బా! బయట మాడిపోతోంది. ఎదురు మేడలన్నీ తెల్లగా వెలిగిపోతున్నాయి. నా గోడ మీదికే రాలేదు. నా మీద పగబట్టింది."

"ఐదింటికి కదా బండి వస్తుందన్నారు?"

"ఐదింటికే. మాస్టారు మళ్ళీ ఫోన్ చేశారు. ప్రదర్శనకి అందరి బొమ్మలూ ఎక్కించేశారట, నాదొక్కటే మిగిలిందట. మూడేళ్ళుగా పంపడం, అవి తిరిగి రావడం, నీకు తెలుసుగా. ఈసారే సగం బొమ్మ చూసి ఒప్పుకున్నారు. 'ఈ వెలుగు చెడగొట్టకుండా పూర్తి చెయ్యి తల్లీ, చాలు' అన్నారు. ఇది ఇవాళ వెళ్ళకపోతే ఇంక నేను కుంచె పట్టను వదినా. నిజంగా."

"సరే, సరే, పట్టకు. ముందు బొమ్మ చూడనీ. అబ్బ! అయిపోయినట్టే ఉందిగా! కిటికీ ఉంది, అల్మారా ఉంది, దాని మీద నీళ్ళ సీసా ఉంది. ఇదిగో, నీ ఎండ కూడా ఉంది. ఇదేం రంగు వేశావే ఇంత తెల్లగా? చెయ్యి పెడితే కాలేట్టుంది."

"అక్కడ నేనేం వెయ్యలేదు."

"వెయ్యలేదా?"

"ఏమీ లేదు. ఉత్త కాగితం. చుట్టూ గోడ వేశానంతే. నీళ్ళరంగుల్లో తెలుపు వెయ్యం వదినా. వెలుగు కావాల్సిన చోట చెయ్యి పెట్టకుండా ఊరుకోవాలి."

"అంటే మాస్టారు మెచ్చుకున్నది నువ్వేం చెయ్యని చోటునా? ఆ లెక్కన మీ అన్నయ్య ఎంత పెద్ద చిత్రకారుడు!"

"వదినా!"

"పొద్దున్నించి రాత్రి దాకా ఇల్లంతా వెలుగే."

"బండి వస్తోంది వదినా!"

"సరే. ఇంకేం మిగిలింది? చెప్పు."

"సీసా నీడ. ఎండ సీసాలో నీళ్ళ గుండా వెళ్ళి నీడ మధ్యలో ఒక పసుపుపచ్చ మరక వేస్తుంది. నీడ లోపల వెలుగు. అదొక్కటే మిగిలింది. కాగితం తడిపి, ఆ తడి ఆరేలోపు ఒక్కసారే వెయ్యాలి. తప్పితే బురద. భయమేసి చివరికని దాచుకున్నాను. నిన్ననే వేసేద్దును, చుట్టూ గోడ ఇంకా ఆరలేదు."

"వారం నుంచీ దాన్నే చూస్తున్నావు, గుర్తుతో వెయ్యలేవా?"

"మరక ఎక్కడుందో గుర్తుంది. దాని అంచు ఎక్కడ పదునో, ఎక్కడ మెత్తగా కలిసిపోతుందో గుర్తులేదు. ఫోన్లో తీసి పెట్టుకున్నాను. చూడు, సున్నం కొట్టినట్టు వచ్చింది."

"టార్చి వెయ్యనా?"

"టార్చి వెలుగు నీలంగా ఉంటుంది. ఆస్పత్రిలో పడుకోబెట్టిన సీసాలా కనిపిస్తుంది."

"నా ఆఫీసు బ్యాగులో వైట్నరు..."

"ఆ మాట మాస్టారి ముందు అన్నావంటే అక్కడే కళ్ళు తిరిగి పడిపోతారు."

"ఆగాగు. నాకొకటి చెప్పు. ఈ కిటికీ ఎటు?"

"వీధి వైపు."

"వీధి ఎటు?"

"ఎటేంటి? బయటికి."

"ఉత్తరం! ఇల్లు అద్దెకి తీసుకున్నప్పుడు మీ అన్నయ్య ఎంత గొణిగాడో మర్చిపోయావా? ఉత్తరపు గది, ఎండ చుక్క రాదు, బట్టలారవు అని. మరి నీకు ఎండ ఎక్కణ్ణించి వచ్చింది?"

"వచ్చింది."

"ఎలా?"

"ఎలా వచ్చిందో నాకెందుకు వదినా? వచ్చింది, వేశాను. ఇంటికొచ్చినవాళ్ళని ఏ బస్సులో వచ్చారని అడుగుతామా?"

"అడుగుతాం! మొట్టమొదట అడిగేదే అది. ఇంకోటి. ఈ తెలుపు అంచున సన్నగా రంగుల గీతేంటి? ఎరుపు, పసుపు, నీలం..."

"అది రోజూ ఉంటుంది. ఎడమ అంచున. మాస్టారికి అదే మరీ నచ్చింది."

"ఎండకి ఎక్కడైనా చీరకున్నట్టు జరీ అంచుంటుందా?"

"ఉండదు... కదా?"

"ఉండదు! అద్దానికుంటుంది. అంచు చెక్కిన అద్దం మీద ఎండ పడితే ఇలాగే రంగులొస్తాయి. మా పుట్టింట్లో హాలంతా వచ్చేవి. ఎక్కడో అద్దం ఉంది. దాని మీద పడి ఇటొస్తోంది. ఎదురుగా ఏమేం ఉన్నాయి?"

"టైలరు షాపు. మందుల షాపు. పైన... అద్దాల కొట్టు."

"అద్దాల కొట్టు!"

"పై వరండాలో అద్దాలు కోస్తుంటారనుకుంటా. చప్పుడొస్తుంది."

"వారం నుంచీ అటు తిరిగి కూర్చుని ఇప్పుడా చెప్పడం?"

"నేను కిటికీ చట్రం వరకే చూస్తాను. అవతలంతా ఒక్క పలచని పూత, అంతే. అక్కడేముందో చూస్తే చెయ్యి ఊరుకోదు, బొమ్మ పాడవుతుంది."

"అయితే అర్థమైంది. ఆ అద్దం ఎవరో కొనుక్కుపోయారు. నీ ఎండని అమ్మేశారే!"

"నవ్వకు!"

"నవ్వట్లేదు. అంటే, నవ్వుతున్నాను. ఉండు, పళ్ళెం తెస్తాను."

"ఇప్పుడు తిండేంటి వదినా?"

"తినడానికి కాదే! పెద్ద స్టీలు పళ్ళెం. వీధి దాటి అటు నిలబడి నీకు ఎండ విసురుతాను. కిందికెళ్ళి ఫోన్ చేస్తాను, ఎత్తు. ఈ పాలు ఎక్కడ పెట్టను? ఇదిగో, పట్టుకో."

"నేనేం చేసుకోను వీటిని?"

"కుంచె ముంచకు, చాలు."

(వదిన ఇప్పుడు వీధికి అవతల, మందుల షాపు ముందు. మరదలు కిటికీలో. ఇద్దరి ఫోన్లూ స్పీకర్లో ఉన్నాయి.)

"కనిపిస్తున్నానా?"

"కనిపిస్తున్నావు. వదినా, నీ కాళ్ళకి చెరో రకం చెప్పు!"

"ఒకటి మీ అన్నయ్యది. చూడాల్సింది నా కాళ్ళు కాదు, గోడ చూడు. వచ్చిందా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు."

"ఇప్పుడో?"

"వచ్చింది! వచ్చింది! పైకప్పు మీద! ఫ్యాను మీద తిరుగుతోంది!"

"కిందికి దించుతున్నా. ఇప్పుడు?"

"వదినా, అది మన కిటికీ కాదు, పక్కింటివాళ్ళది. ఆయన కళ్ళు మూసుకుని ఏదో అంటున్నారు."

"అయ్యయ్యో! ఏమండీ, మీకు కాదండీ, మా మరదలికి! పొరపాటైంది! లోపలికెళ్ళండి, మళ్ళీ పడితే పడొచ్చు!"

"కాస్త ఇటు... ఇంకాస్త... గోడ మీద! సీసా మీద! ఆగు! కదలకు!"

"కదలట్లేదు."

"కదులుతున్నావు. చేప తోకలా ఆడుతోంది ఇక్కడ."

"ఊపిరి తీసుకుంటున్నానే. అది కూడా మానెయ్యమంటావా?"

"కాసేపు."

"కాసేపట! తల్లీ, చేతులు లాగేస్తున్నాయి. మందుల షాపులో జనమంతా బయటికొచ్చి నన్నే చూస్తున్నారు. ఇందాక ఒకావిడ పళ్ళెంలో చిల్లర వెయ్యబోయింది."

"వేయించుకున్నావా?"

"నోర్మూసుకుని బొమ్మ వెయ్యి!"

"ఎలా వెయ్యను? అది గంతులేస్తోంది. దేనికన్నా ఆనించు."

"ఉండు. ఇక్కడ కరెంటు స్తంభం ఉంది. దీనికి ఆనించి, కింద ఇటుక పెట్టి... ఆఁ. ఇప్పుడు నేను ముట్టుకోవడం కూడా లేదు. ఎలా ఉంది?"

"బాగుంది, నిలబడింది. కాగితం తడపనా? తడుపుతున్నా... అయ్యో, జరిగింది. జరుగుతోంది వదినా. సీసా దాటేసింది. తలుపెక్కుతోంది!"

"ఒట్టు, నేను కదపలేదు. పళ్ళెం ఉన్నచోటే ఉంది."

"మరెందుకు జరిగింది?"

"ఎందుకేంటి, సూర్యుడు దిగుతున్నాడు కాబట్టి. అమ్మాయ్."

"ఊఁ."

"వారం రోజులు నీ ఎండ జరగలేదా?"

"లేదు. బుద్ధిగా కూర్చునేది. మాస్టారికి గొప్పగా చెప్పాను కూడా. అందరూ ఎండ పరిగెత్తిపోతోందని గోల పెడతారు, మా గది ఎండ మాత్రం చెప్పినమాట వింటుందండీ అని."

"ఎంతసేపు వినేది?"

"నేను లేచేదాకా."

"కాస్త కుడికి ఉంటే బాగుండు అనుకుంటే?"

"కుడికొచ్చేది... వదినా, నాకు భయమేస్తోంది."

"నాకు నవ్వొస్తోంది. తిప్పేవాళ్ళు లేకుండా అద్దం దానంతట అదే తిరుగుతుందటే?"

"ఎవరు తిప్పుతారు?"

"అది కనుక్కోడానికే మెట్లెక్కుతున్నాను."

"వద్దు వదినా! ఆ చెప్పులతోనా? ఆ పళ్ళెంతోనా?"

"ఎక్కేశాను. ఉండు, ఎవరో ఉన్నారు. బాబూ! ఇక్కడ రోజూ ఒక అద్దం ఉండాలి..."

"ఏదండీ? ఇక్కడున్నవన్నీ అద్దాలే."

"అంచు చెక్కిన అద్దం. పలకంత."

"అదాండీ... లోపల పెట్టేశానండీ."

"అమ్మలేదా?"

"ఇద్దరు అడిగారండీ. ఇవ్వలేదు."

"ఏం?"

"అది పనిలో ఉందండీ, వారం నుంచీ. మీరెవరండీ?"

"ఎదురింటి మేడ మీది అమ్మాయికి వదినని."

"అయ్యబాబోయ్."

"లోపలికి పోతావేంటి? నేనేం కొట్టడానికి రాలేదు."

"మీ చేతిలో పళ్ళెం ఉందండీ."

"ఇది ఎండకి! ఇదిగో కింద పెట్టేశాను, సరేనా? ఇప్పుడు చెప్పు. రోజూ ఆ అద్దం తిప్పింది నువ్వేనా?"

"నేనేనండీ."

"ఎందుకు తిప్పావు?"

"మేడమ్ గారు తిప్పమన్నారండీ."

"నేనా! వదినా, నేను ఎవర్నీ ఏమీ అనలేదు! అబద్ధం!"

"ఫోన్లో ఉన్నారాండీ?"

"స్పీకర్లో ఉంది. నువ్వు చెప్పు బాబూ, దాని మాట పట్టించుకోకు."

"మొదటిరోజు అద్దం కడిగి ఆరబెట్టానండీ. ఎండ సూటిగా వారి గదిలో పడింది. కళ్ళలో పడిందేమో, తిడతారేమోనని తియ్యబోయాను. ఈలోపు వారు చెయ్యి ఇలా బారుగా చాచి, కుంచె నిలబెట్టి, ఆగమన్నారండీ."

"అది కొలవడం! కుంచెతో కిటికీ ఎత్తు కొలుస్తున్నాను!"

"తర్వాత కుంచె అడ్డంగా తిప్పి కుడికి జరిపారు. నేనూ కుడికి జరిపాను."

"అది వెడల్పు!"

"తర్వాత కిందికి."

"అది అల్మారా!"

"నాకేం తెలుసండీ? వారు ఎటు చూపిస్తే అటు తిప్పేవాణ్ణి. తిప్పినప్పుడల్లా వారి మొహం వెలిగిపోయేది. సరే, మెచ్చుకుంటున్నారనుకున్నాను."

"ఇంకేమన్నా చూపించిందా బాబూ?"

"అంటే... వద్దులెండి."

"చెప్పు."

"చెప్తే బాగోదండీ."

"చెప్పకపోతే అంతకన్నా బాగోదు."

"చెయ్యి చాచినప్పుడల్లా... కన్ను కొట్టేవారండీ."

"ఏంటీ?"

"కన్నండీ."

"వదినా! వదినా, నా మాట విను! ఒక కన్ను మూస్తేనే కొలత కుదురుతుంది! బొమ్మలేసేవాళ్ళందరూ అలాగే మూస్తారు! మాస్టారు కూడా మూస్తారు!"

"మా పనిలో రెండు కళ్ళూ తెరిచే కొలుస్తామండీ. టేపుతో."

"బాబూ, కాస్త కుర్చీ వెయ్యి. నేను నిలబడలేను. అమ్మా... నా పొట్ట. రోజుకి ఎన్నిసార్లు కొట్టేది?"

"మొదటిరోజు లెక్కపెట్టానండీ. తర్వాత మానేశాను."

"వదినా, నువ్వు ఆ నవ్వు ఆపి ఇంటికొచ్చెయ్. ఈ కిటికీకి నేను మేకులు కొట్టేస్తాను. ఈ వీధిలో మళ్ళీ మొహం చూపించను."

"వచ్చేస్తే నీ నీడ సంగతేంటి? బాబూ, ఇంత బుద్ధిగా తిప్పినవాడివి ఇవాళ ఎందుకు లోపల పెట్టావు?"

"నిన్న చివర్లో వారు కిటికీ దగ్గరికొచ్చి నా వైపు కుంచె విదిలించారండీ. ఛీ, పో అన్నట్టు. రెండుసార్లు. ఆ నీళ్ళు మీ కిటికీ కింద నడిచి వెళ్తున్న టైలరు గారి మీద కూడా పడ్డాయి. కోపం వచ్చిందేమో, నేనే ఏదో ఎక్కువ చేశానేమో అనుకుని..."

"కుంచెలో నీళ్ళు పోవాలని విదిలించాను! ఏమండీ, వినిపిస్తోందా? కోపం కాదండీ!"

"వినిపిస్తోందండీ."

"మీ మీద నాకు కోపమెందుకుంటుంది? అసలు మీరు అక్కడున్నారనే నాకు తెలీదు!"

"అలాగాండీ."

"అయ్యో. అలా కాదండీ. అంటే..."

"పరవాలేదండీ."

"వదినా, ఆయన మొహం ఎలా పెట్టారు?"

"నీ బొమ్మలో ఎండలా. తెల్లగా. పాపం."

"ఏమండీ, వినండి. ఈ వారం నాకు ఎంత బాగుందో మీకు తెలీదు. ఎప్పుడు నాలుగవుతుందా అని పొద్దున్నించీ కూర్చునేదాన్ని. మధ్యాహ్నం అన్నం కూడా సహించేది కాదు. ఆ వెలుగు రాగానే ఈ గదిలో ఎవరో ఉన్నట్టుండేది. అది మీరని తెలీదు. అంతే. తెలిసుంటే..."

"తెలిసుంటే ఏం చేసేదానివే?"

"వదినా, నువ్వు మాట్లాడకు!"

"నేను మాట్లాడట్లేదు. గడియారం మాట్లాడుతోంది. ఐదవుతోంది. బాబూ, అద్దం తియ్యి."

"తెచ్చానండీ. ఒక్క నిమిషం... పెట్టానండీ."

"వచ్చింది! వదినా, వచ్చింది! రంగుల అంచుతో సహా! అదే చోట!"

"చూడకుండానే అదే చోట ఎలా పెట్టావయ్యా?"

"గచ్చు మీద సుద్దతో గీత గీసుకున్నానండీ. నిన్న తుడిపేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు."

"ఎవరూ మాట్లాడకండి. కాగితం తడుపుతున్నాను."

"మేం ఊపిరి కూడా తియ్యం."

"ఆయన్ని తియ్యమను. ఆయన ఊపిరి తీసినా వెలుగు కదలట్లేదు."

"విన్నావా బాబూ? నీకు ఊపిరి ఇచ్చింది. నాకివ్వలేదు."

"తీసుకుంటున్నానండీ."

"నీడ వేశాను. నీలం, దాన్లో కాస్త గోధుమ. ఇప్పుడు పసుపు. తడిలో ఒక్క చుక్క. ఏమండీ, వెంట్రుకవాసి ఎడమకి."

"ఎడమకండీ."

"అబ్బ! అంతే. అంతే. అలాగే ఉండండి. వదిలాను... పాకుతోంది. అటు కాదు, అటు కాదు... ఇటు రా తల్లీ..."

"ఏమైంది? అమ్మాయ్? పలకవేం?"

"ఆగింది."

"ఏది?"

"పసుపు. నీడ మధ్యలో ఆగింది. వదినా, వెలుగుతోంది! నేను వేసింది నాకే వెలుగుతోంది!"

"ఏడుస్తున్నావా?"

"కాగితం మీద పడకుండా పక్కకి తిరిగి ఏడుస్తున్నాను."

"మేడమ్ గారూ, మీ గేటు ముందు బండి ఆగిందండీ."

"అయ్యో, ఇంకా తడిగా ఉంది! కాగితం అంటించిన పలకతో సహా పడుకోబెట్టి తీసుకెళ్ళమంటాను. ఇచ్చేసి వస్తున్నా. వదినా, ఫోన్ పెట్టెయ్యకు. మీరూ అద్దం దించకండి!"

"దించనండీ... అక్కగారూ, వారి గోడ ఇప్పుడు ఖాళీ కదా. మరి అద్దం ఎందుకు దించొద్దన్నారండీ?"

"నన్నడుగుతావేంటి? నాకు ఎండ విసరడమే సరిగ్గా రాదు."

"ఆ బొమ్మ నేను చూడొచ్చాండీ? అంటే, ప్రదర్శనలో అందరూ చూస్తారు కదా, అలాగే..."

"దాన్నే అడుగు. వచ్చేసింది, రొప్పు వినిపిస్తోంది. ఇచ్చేశావా?"

"ఇచ్చేశాను! డ్రైవరు పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా తీసుకెళ్ళాడు. ఇప్పుడు నా చేతులు ఖాళీ. ఏం చెయ్యాలో తెలీట్లేదు వదినా."

"ఇతను బొమ్మ చూడొచ్చా అంటున్నాడు."

"తప్పకుండా రావాలండీ. అందులో మీరూ ఉన్నారు."

"నేనాండీ? ఎక్కడ?"

"నేనేం వెయ్యకుండా వదిలేసిన చోట."

"బాబూ, ఆమె కనిపిస్తోందా? నేను కళ్ళు తుడుచుకుంటున్నాను, నాకు ఆనట్లేదు."

"కిటికీలోకి వచ్చారండీ. చెయ్యి చాచారు. కన్ను మూశారు... మేడమ్ గారూ, ఇంకా కొలవాలాండీ? కుడికి తిప్పనా, ఎడమకా?"

"ఎటూ వద్దండీ. బొమ్మ వెళ్ళిపోయింది. సరిగ్గా చూడండి, నా చేతిలో కుంచె లేదు."